పురట్టాసి నుంచి దీపావళి దాకా: చెన్నై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పట్టినపాక్కం బీచిలో వినాయకుణ్ణి నిమజ్జనం చేసి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి దీపావళి దాకా చెన్నైలో ఉండే మనవాళ్ళ ఉత్తరాలు ఒక్కసారిగా పెరుగుతాయి. పండగ మనదే, పద్ధతి మాత్రం ఇక్కడిది, ఆ తేడా దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. ఈసారి ఇల్లూ వ్యాపారమూ రెండూ కలిసిన ప్రశ్నలు కొన్ని తీసుకున్నాను.

ప్రశ్న: మేం గుంటూరు నుంచి మడిపాక్కం వచ్చి ఏడాదైంది. మా ఇంట్లో బొమ్మల కొలువంటే సంక్రాంతికే, పిల్లలకి భోగిపళ్ళు పోసే రోజుల్లో పెట్టేవాళ్ళం. ఇక్కడ మా అపార్ట్‌మెంట్‌లో అందరూ దసరాకే పెడతారట, ఇప్పటికే ముగ్గురు పేరంటానికి పిలిచారు. నేనూ పెట్టొచ్చా? అత్తగారేమో ఆనవాయితీ లేదంటున్నారు. పెడితే బొమ్మలు ఎక్కడ కొనాలి?

జవాబు: పెట్టమ్మా, నిక్షేపంగా పెట్టు. కొలువు మీ ఇంట్లో ఉన్న ఆనవాయితీయే కదా, నెల ఒక్కటే మారింది, మీ అత్తగారికి ఈ మాట చెప్పి కలశం ఆవిడ చేత్తోనే పెట్టించు, ఆవిడకీ సంతోషంగా ఉంటుంది. సంక్రాంతికి మళ్ళీ మన పద్ధతిలో ఇంకోసారి పెట్టుకున్నా తప్పులేదు, నాకు తెలిసిన రెండు మూడు ఇళ్ళల్లో రెండుసార్లూ పెడతారు.

మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి, మొదటి ఏడాది మూడు చాలు. ఇంట్లో కొండపల్లి బొమ్మలు ఉంటే ముందు అవి దించు, పొణికి చెక్క దశావతారాలు పై మెట్టు మీద పెడితే వచ్చినవాళ్ళంతా అక్కడే నిలబడి చూస్తారు. ఇక్కడివాళ్ళు మరపాచి బొమ్మలని చెక్కతో చేసిన ఆడా మగా జంట ఒకటి తప్పకుండా పెడతారు, ఎర్రచందనంవైతే మరీ శ్రేష్ఠం అంటారు, అది పుట్టింటివాళ్ళు ఇచ్చే వస్తువు, మీ అమ్మగారికి ఒక మాట చెప్పి చూడు. ఏటా ఒక్క కొత్త బొమ్మైనా కొలువులో చేరాలన్నది ఇక్కడి పట్టింపు, కాబట్టి అన్నీ ఈ ఏడాదే కొనేయాల్సిన పని లేదు.

కొనడానికి మైలాపూర్ వెళ్ళు. కపాలీశ్వరుడి గుడి పక్కన నార్త్ మాడ వీధిలో నవరాత్రులకి ముందు నుంచే ప్లాట్‌ఫారం పొడుగునా బొమ్మల అంగళ్ళు వెలుస్తాయి. పన్రుట్టి నుంచి, కాంచీపురం నుంచి, ఇక్కడే మన కొసపేట కుమ్మరుల దగ్గర్నుంచి సరుకు వస్తుంది. సాయంత్రం వెళ్తే కాలు పెట్టే చోటుండదు, పొద్దున్నే తొమ్మిదింటికల్లా వెళ్ళు, అప్పుడే పెట్టెలు విప్పుతుంటారు. కిందటేడు నేను వెళ్ళినప్పుడు ఒకావిడ గడ్డి తీసి ఒక్కో బొమ్మనీ బయటికి తీస్తోంది, కృష్ణుడి పిల్లనగ్రోవికి చుట్టుకున్న గడ్డిపరకని చేత్తో లాగకుండా నోటితో మెల్లగా ఊదుతోంది, లాగితే రంగు లేస్తుందట. మట్టి బొమ్మైతే వెనక వేలి కణుపుతో తట్టి చూడు, ఖంగుమంటే గట్టిది, బొంగురుగా మోగితే లోపల ఎక్కడో పగులుందన్నమాట. కాగితపు గుజ్జు బొమ్మలు తేలిగ్గా ఉంటాయి, చిన్నపిల్లలున్న ఇంటికి అవే నయం, కానీ తడి తగలకూడదు. సెట్టు కొంటే ప్రతి బొమ్మా విడిగా చేతిలోకి తీసుకుని చూడు, పెళ్ళి ఊరేగింపు సెట్టులో మేళగాడి చెయ్యి విరిగి ఉండటం నాకు ఇంటికొచ్చాకే కనిపించింది.

బేరం ఆడు కానీ మరీ గీచి గీచి ఆడకు, ఇది నేను ప్రతి ఏడూ చెప్పే మాట. ఏడాదంతా చేసిన పనికి వాళ్ళకి డబ్బు కనపడేది ఈ రెండు వారాల్లోనే, అప్పు తెచ్చి మట్టీ రంగులూ కొంటారు, మధ్యలో ఒక్క పెద్ద వాన పడిందంటే టార్పాలిన్ కింద ఉన్న సరుకు కూడా చెమ్మెక్కిపోతుంది. ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతాయి, నేను మాత్రం అలా కొనను, బొమ్మని కళ్ళతో చూసి కొనాలి, చేసినవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడాలి.

పేరంటానికి రోజుకో రకం గుగ్గిళ్ళు చెయ్యి, శనగలు, పెసలు, బొబ్బర్లు, ఇక్కడ సుండల్ అంటారు. వచ్చినవాళ్ళకి తాంబూలం, జాకెట్ ముక్క చాలు. నువ్వు వెళ్ళిన ఇంట్లో పాట పాడమని తప్పకుండా అడుగుతారు, ఒక అన్నమయ్య కీర్తన నోటికి వచ్చేలా చూసుకుని వెళ్ళు. దశమి రాత్రి ఒక బొమ్మని పడుకోబెట్టి కొలువు ముగిసినట్టు చూపిస్తారు, సర్దడం మర్నాడే.

ప్రశ్న: పెరుంగుడిలో ఆగస్టులో ఆంధ్రా మెస్ పెట్టాను, బిర్యానీ, నాటుకోడి పులుసు మా స్పెషల్. మొదటి నెల బాగా నడిచింది, సెప్టెంబర్ సగం నుంచి గిరాకీ సగానికి పడిపోయింది. వంటలో ఏం తేడా లేదు. వంటమనిషిని ఒకర్ని తీసేద్దామా అనుకుంటున్నాను, మూసేయమని ఇంట్లోవాళ్ళు అంటున్నారు.

జవాబు: తమ్ముడూ, తొందరపడకు. నీ వంటలో లోపం లేదు, ఇది పురట్టాసి నెల. సెప్టెంబర్ మధ్యలో మొదలై అక్టోబర్ మధ్య దాకా ఉంటుంది, వేంకటేశ్వరస్వామి నెలని ఇక్కడ చాలా ఇళ్ళల్లో మాంసం, చేప, కొందరు గుడ్డు కూడా ముట్టరు. మనకి కార్తీకం ఎలాగో వీళ్ళకి ఇది అలాగ. కాసిమేడు హార్బర్‌లో చేపల ధర కూడా ఈ నెల దిగుతుంది, కోడిమాంసం అంగళ్ళవాళ్ళు కూడా ఖాళీగా కూర్చుంటారు, నువ్వొక్కడివే కాదు. మనకి ఆశ్వయుజం చాంద్రమానం లెక్క, వీళ్ళది సౌరమానం, అందుకే ఈ నెల ఎప్పుడు మొదలవుతుందో మన పంచాంగం చూస్తే వెంటనే తెలియదు, తమిళ క్యాలెండర్ ఒకటి కొని కౌంటర్ దగ్గర తగిలించుకో, ఇక్కడ వ్యాపారం చేసేవాడికి అది గల్లాపెట్టె అంత ముఖ్యం.

ఈ నెల రోజులూ మెనూ తిప్పు. గోంగూర పప్పు, ముద్దపప్పు ఆవకాయ, గుత్తివంకాయ, బెండకాయ వేపుడు, పెరుగు, అరిటాకు భోజనం, బయట పెద్ద అక్షరాలతో ప్యూర్ వెజ్ కౌంటర్ అని రాయించు, రాయించినాక మాట మీద నిలబడు, గరిటెలు, గిన్నెలు, స్టవ్ అన్నీ వేరు చెయ్యి, నెల పట్టినవాళ్ళకి ఆ నమ్మకం లేకపోతే లోపలికి అడుగే పెట్టరు. శనివారాలు అసలైన రోజులు. పురట్టాసి శనివారం ఇళ్ళల్లో పులిహోర, దధ్యోదనం, చక్కెర పొంగలి చేసి నైవేద్యం పెడతారు, ఆఫీసులకెళ్ళే ఇళ్ళల్లో అంత తీరిక ఉండదు. ఉల్లి వెల్లుల్లి లేకుండా ఈ మూడూ కలిపి ఒక ప్యాకెట్ చేసి శుక్రవారం సాయంత్రం లోపల ఆర్డర్ తీసుకో, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ల దగ్గర నాలుగు పాంప్లెట్లు ఇచ్చి రా.

వంటమనిషిని మాత్రం తీసేయకు. నెల అయిపోయిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం మటన్ కొట్ల ముందు క్యూలు చూస్తావు, ఆ రోజు నీకు చేతులు చాలవు, మంచి వంటవాణ్ణి అప్పటికప్పుడు ఎక్కడ తెస్తావు.

ప్రశ్న: అంబత్తూర్‌లో చిన్న లేత్ వర్క్‌షాప్ మాది. ఆయుధ పూజ నవమికే అంటాడు మా తమిళ పార్ట్‌నర్, విజయదశమికి అంటారు మా నాన్నగారు. ఏది పాటించాలి?

జవాబు: ఇక్కడ నవమి రోజే సరస్వతీ పూజ, ఆయుధ పూజ కలిపి చేస్తారు, ఆ రోజు మెషిన్లు ఆపేస్తారు, పుస్తకాలు, లెక్కల బుక్కులు కూడా పూజలో పెట్టేసి ముట్టుకోరు, దశమి పొద్దున తీసి మళ్ళీ పని మొదలుపెడతారు. నవమి మీ పార్ట్‌నర్ లెక్కకి, దశమి పొద్దున లేత్ ఆన్ చేసి మొదటి జాబ్ నాన్నగారి చేత తిప్పించండి, ఇద్దరి మాటా నిలుస్తుంది. మరమరాలు, పుట్నాలు, బెల్లం, అరటిపళ్ళు కొనేటప్పుడు హెల్పర్ కుర్రాళ్ళ ఇళ్ళకి కూడా ఒక్కో ప్యాకెట్ కట్టించండి, ఇక్కడ వాళ్ళు దానికోసం ఎదురుచూస్తారు.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. దిష్టికి బూడిద గుమ్మడికాయ కోసి లోపల కుంకం, చిల్లర డబ్బులు వేసి కర్పూరం వెలిగించి గేటు ముందు కొడతారు కదా, కొట్టిన వెంటనే ఆ ముక్కలు పారతో తీయించి నీళ్ళు పోసి కడిగించండి. ఆ గుజ్జు రోడ్డు మీద సబ్బులా జారుతుంది, చీకటి పడ్డాక దాని మీద బైక్ స్కిడ్ అయి మా వీధిలో ఒక పిల్లాడి మోచెయ్యి విరిగింది. దిష్టి పోయేది మనకి, దెబ్బ తగిలేది దారినపోయేవాడికి, అలా జరగకూడదు.

ప్రశ్న: అమ్మ విజయవాడ నుంచి దసరాకి మా దగ్గరికి వస్తోంది. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి అలంకారాలు చూడకుండా ఏ దసరా గడవలేదు ఆవిడకి. ఇక్కడ ఎక్కడికి తీసుకెళ్ళను?

జవాబు: జార్జ్‌టౌన్‌లో కొత్వాల్ చావడి దగ్గర కన్యకాపరమేశ్వరి అమ్మవారి గుడికి తీసుకెళ్ళండి, మన కోమట్లు కట్టించుకున్న పాత గుడి, నవరాత్రులు బాగా చేస్తారు, చుట్టూ తెలుగు మాటలు వినపడతాయి, ఆవిడకి పరాయి ఊరన్న బెంగ తగ్గుతుంది. ఊరంతటికీ కూరగాయలు వచ్చిన చోటు అది, 1996లో ఆ టోకు మార్కెట్ కోయంబేడు వెళ్ళిపోయింది, గుడీ పాత సందులూ అలాగే ఉన్నాయి. ఇక్కణ్ణుంచి తిరుమల స్వామికి పంపే తిరుపతి గొడుగుల ఊరేగింపు రోజు మాత్రం అటు వెళ్ళకండి, చెన్నకేశవ పెరుమాళ్ గుడి నుంచి బయల్దేరిన గొడుగులు యానకవుని (ఎలిఫెంట్ గేట్) దాటేదాకా ఆటోలు కదలవు, పెద్దావిడతో కష్టం.

ప్రశ్న: మా వీధిలో ఒకాయన దగ్గర దీపావళి చీటీ కట్టాం, నెలకి వెయ్యి, పన్నెండు నెలలు. దీపావళికి వెండి నాణెం, స్వీట్ బాక్సు, టపాసులు, సరుకులు అన్నీ ఇస్తామన్నారు. ఇప్పుడు షాపు మూసుంది, ఫోన్ ఎత్తడం లేదు. మా లైన్‌లో పదిహేను మంది దాకా ఉన్నాం, ఇళ్ళల్లో పని చేసుకునేవాళ్ళం.

జవాబు: అక్కా, మీ ఉత్తరం చదివి చాలా బాధేసింది, పన్నెండు వేలంటే మీకు ఎన్ని నెలల మిగులో నాకు తెలుసు. ముందు చెయ్యాల్సింది, అందరి దగ్గరున్న చీటీ కార్డులు, ఫోన్‌లో డబ్బు పంపిన వివరాలు, ఆయన పంపిన మెసేజ్‌లు, షాపు బోర్డు ఫోటో, అన్నీ ఒకచోట పెట్టండి. కార్డు లేనివాళ్ళు ఏ నెల ఎంత కట్టారో, ఎవరి ముందు ఇచ్చారో రాసి సంతకం పెట్టండి. ఒక్కొక్కరుగా కాకుండా పదిహేను మందీ కలిసి స్టేషన్‌కి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి. డిపాజిట్లు కట్టించుకుని ఎగ్గొట్టేవాళ్ళ మీద తమిళనాడులో 1997 నుంచే ప్రత్యేక చట్టం ఉంది, పెద్ద మొత్తాలైతే ఆర్థిక నేరాల విభాగం పోలీసులు చూస్తారు, మీ వీధి కాక ఇంకా ఎన్ని వీధుల్లో వసూలు చేశాడో కనుక్కుంటే కేసు బలపడుతుంది. మధ్యలో ఎవరన్నా వచ్చి సగం ఇప్పిస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి అంటే, డబ్బు చేతికి రాకముందు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

వచ్చే ఏడాదికి బ్యాంకులో పన్నెండు నెలల ఆర్డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కట్టండి, వెయ్యి రూపాయలతో కూడా తీసుకుంటారు, వెండి నాణెం మీరే కొనుక్కోవచ్చు. చీటీయే కావాలనుకుంటే 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో కాగితం చూపించమని అడగండి, అడిగితే మొహమాటం ఏం లేదు, చూపించడానికి నసిగేవాడి దగ్గర కట్టొద్దు.

ప్రశ్న: పోరూర్‌లో ఉంటాను. దీపావళికి అరిసెలు, కజ్జికాయలు, సున్నుండలు చేసి అపార్ట్‌మెంట్‌లో అమ్ముదామనుకుంటున్నాను. మొదటిసారి. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ముందు లైసెన్సు సంగతి. ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రత సంస్థ, రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, ఆన్‌లైన్‌లోనే అప్లై చేసుకోవచ్చు, 14 అంకెల నంబర్ వస్తుంది, అది ప్యాకెట్ మీద వేయండి, చేసిన తేదీ, ఎన్ని రోజుల్లోపు తినాలి, ఏమేం వేశారు, నెయ్యా నూనా అన్నీ రాయండి.

రెండోది తేదీ. మనకి దీపావళి అంటే అమావాస్య సాయంత్రం లక్ష్మీపూజ, ఇక్కడివాళ్ళకి నరక చతుర్దశి తెల్లవారుజాము తలంటు, కొత్త బట్టలు, స్వీట్లు. కొన్నేళ్ళు రెండూ ఒకే తేదీన పడతాయి, కొన్నేళ్ళు ఒకరోజు తేడా వస్తుంది. మన లెక్క ప్రకారం పండగ రోజు పొద్దున ఇద్దాంలే అనుకుంటే అప్పటికే వాళ్ళ ఇళ్ళల్లో పండగ సగం అయిపోయి ఉంటుంది. ఆర్డర్లు అన్నీ రెండ్రోజుల ముందే ఇంటికి చేర్చేయండి.

మూడోది వాన. మనకి ఊళ్ళో దీపావళికి వాన వెనకబడుతుంది, చెన్నైలో ఈశాన్య రుతుపవనాలు సరిగ్గా అక్టోబర్ రెండో సగంలోనే మొదలవుతాయి. గాలిలో చెమ్మకి అరిసె మెత్తబడి సాగుతుంది, కజ్జికాయ కరకర పోతుంది. తడి పిండి ఆరేది కాదు కాబట్టి అరిసెలు మొదటి ఏడాది తక్కువ పెట్టుకోండి, సున్నుండల మీద నిలబడండి, మినుములు సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి ఆరాకే పట్టించండి, నెయ్యి కాచి గోరువెచ్చగా ఉన్నప్పుడు కలిపి కట్టండి. ఇక్కడివాళ్ళకి మినప సున్నుండ పెద్దగా అలవాటు లేదు, వాళ్ళ పాసిపరుప్పు ఉండలు, అంటే పెసరపప్పువి, దానికి దగ్గరగా ఉంటాయి, అందుకే ముందు అంతస్తుకి రెండిళ్ళకి రెండేసి రుచికి ఇచ్చి రండి, ఆర్డర్ వాళ్ళే చెప్తారు. సగం డబ్బు ముందే తీసుకోండి. ధర కట్టేటప్పుడు గ్యాసు, డబ్బాలు, మీ చేతి కష్టం కూడా లెక్క వేయండి, పక్కింటివాళ్ళని మొహమాటపడి నెయ్యి ఖర్చుకే ఇచ్చేస్తే వచ్చే ఏడాది మీకే చెయ్యబుద్ధి కాదు.

పండగ తెల్లవారుజామున ఎవరో ఒకరు తలుపు కొట్టి గంగాస్నానం ఆచ్చా అని అడుగుతారు, తలంటు అయిందా అని పలకరింపు. చిన్న గిన్నెలో దీపావళి లేహ్యం తెచ్చిస్తారు, నల్లగా ఉంటుంది, శొంఠి, మిరియాలు, వాము ఘాటు ముక్కుకి తగులుతుంది. వద్దనకండి. ముందు అది గోలీకాయంత నోట్లో వేసుకుని, తర్వాతే మీ సున్నుండ తినండి.