వాళ్లమ్మ నగలు వేసుకున్నానని పాప నాతో మాట్లాడటం మానేసింది

ప్రశ్న: నా వయసు 33. మాది ఖమ్మం. ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మొదటి పెళ్లి విడాకులతో ముగిసింది. ఏడాదిన్నర క్రితం, భార్యను పోగొట్టుకున్న ఒకరిని పెళ్లి చేసుకున్నాను. ఆయనకు పదకొండేళ్ల కూతురు ఉంది. పాపకు ఎనిమిదేళ్లప్పుడు తల్లి జబ్బు చేసి చనిపోయింది. పాప నన్ను ఏమనీ పిలవదు, కానీ మొదట్లో అడిగినదానికి జవాబైనా చెప్పేది. మొన్న శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం నాడు మా అత్తగారు బీరువాలోంచి పాప తల్లి కాసులపేరు, గాజులు తీసి నన్ను వేసుకోమన్నారు. బడి నుంచి వచ్చి నన్ను చూసిన పాప గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అప్పటి నుంచి నేను వడ్డిస్తే తినదు. నేను వంటింట్లోంచి వెళ్లాక తనే పెరుగన్నం కలుపుకుంటుంది. జడలు పక్కింటావిడతో వేయించుకుంటోంది. పాప అమ్మమ్మ, తాతయ్య సూర్యాపేటలో ఉంటారు. ‘నిన్ను బాగా చూసుకుంటోందా’ అని ఫోన్‌లో అడుగుతున్నారని నా భర్త వాళ్లతో రాకపోకలు మాన్పించారు. పాప విషయం ఎత్తితే ‘చిన్నపిల్ల, అదే సర్దుకుంటుంది’ అంటారు. మరోవైపు అత్తగారు నన్ను త్వరగా బిడ్డను కనమంటున్నారు. ఆ మధ్య నాకు జ్వరం వస్తే పాప మాట్లాడకుండానే మంచినీళ్లు, మాత్ర పక్కన పెట్టి వెళ్లింది. ఇంత ప్రేమగా చూసుకుంటున్నా ఈ ఇంట్లో నేను పరాయిదాన్నేనా?

జవాబు: ముందుగా నగల విషయం మాట్లాడుకుందాం, ఎందుకంటే మిగతా చిక్కులన్నిటికీ దారి అక్కడి నుంచే ఉంది. మీరు ఆశపడి వేసుకోలేదు. పండగపూట అత్తగారు తన చేతులతో తీసి ఇచ్చినప్పుడు వద్దనడం ఏ కోడలికైనా కష్టమే, ఆమె కూడా మిమ్మల్ని ఇంటి మనిషిగా ఒప్పుకున్నానని చెప్పడానికే ఇచ్చి ఉంటారు. అయితే మీ ఇద్దరి మధ్య గౌరవంగా జరిగిన ఆ పని, బడి సంచీతో గుమ్మంలోకి వచ్చిన పిల్లకు మరోలా కనిపించింది. తల్లి మెడలో చూసిన కాసులపేరు, తల్లి చేతికి గలగలలాడిన గాజులు, తనను అడగకుండా, తనకు చెప్పకుండా ఇంకొకరి ఒంటి మీదికి వెళ్లాయి. అమ్మ ఇక తిరిగి రాదని ఎనిమిదేళ్లకే ఆ పిల్లకు తెలుసు. అమ్మకు సంబంధించినవి కూడా ఒక్కొక్కటిగా పోతాయని మాత్రం ఆ రోజే అర్థమై ఉంటుంది. అందుకే దాన్ని మీ మీద ద్వేషంగా కాక, తల్లి తాలూకు మిగిలిన వాటికి కాపలా కాయడంగా చూడమని కోరుతున్నాను.

తల్లిని పోగొట్టుకున్న పిల్లలు కొత్తగా వచ్చిన మనిషిని ఇష్టపడటం మొదలుపెట్టినప్పుడు వాళ్ల లోపల ఒక భయం పుడుతుంది. ఈమె మంచిదని ఒప్పుకుంటే అమ్మను మర్చిపోయినట్టు అవుతుందేమో అనే భయం అది. మీరు ఎంత దయగా ఉంటే ఆ భయం అంత పెరుగుతుంది కాబట్టి, అభిమానం చూపినకొద్దీ పాప దూరం జరుగుతున్నట్టు మీకు అనిపించడంలో వింత లేదు. జ్వరం నాటి సంగతిని మీరు రెండు ముక్కల్లో రాసి వెంటనే మీ బాధలోకి వెళ్లిపోయారు. నాకైతే మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. మీకు ఒంట్లో బాగాలేదని ఆ పిల్ల గమనించింది, ఏ మాత్ర వేసుకోవాలో ఆలోచించింది, ఎవరూ చెప్పకుండానే తెచ్చి పెట్టింది. ఇష్టం లేని మనిషికి ఆ వయసు పిల్లలు అంత శ్రద్ధ చూపరు. మాట్లాడితే అమ్మకు ద్రోహం అవుతుందనుకున్న పిల్ల మాట్లాడకుండా చేయగలిగినది చేసింది.

ఇప్పుడు ఆ నగలను ఏం చేయాలి? వీలునామా రాయకుండా చనిపోయిన హిందూ స్త్రీ ఆస్తి మొదట ఆమె పిల్లలకు, భర్తకు సమానంగా చెందుతుందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. అంటే ఆ బంగారంలో పాపకూ, మీ భర్తకూ వాటా ఉంది. అత్తగారికి గానీ, మీకు గానీ లేదు. మీ భర్త తన వాటాను కూడా కూతురికే వదిలేస్తే అందరి మనసులూ కుదుటపడతాయని నా అభిప్రాయం. ఆయనే పాపను దగ్గర కూర్చోబెట్టుకుని, ఒక్కో నగ చూపించి, ఏది ఎంత బరువో కాగితం మీద రాసి, ఫోటోలు తీసి, బ్యాంకు లాకర్‌లో పెట్టాలి. లాకర్‌కు నామినీగా పాప పేరు రాయించాలి. ఆ కాగితం ఒక ప్రతి సూర్యాపేటకు కూడా పంపాలి. పాప కోరితే గాజుల్లో ఒక జత గానీ, తల్లి చీర ఒకటి గానీ తన అలమరలోనే ఉంచుకోనివ్వండి. బంగారం పోతుందేమోనని అత్తగారు కంగారు పడవచ్చు, అయినా ఈ ఒక్క విషయంలో పాప మాట నెగ్గాలి.

ఈ పనికి ముందు మీరు పాపతో ఒక మాట చెప్పాలి. ‘అవి మీ అమ్మ నగలు. వేసుకునే ముందు నిన్ను అడగాల్సింది, అడగలేదు. ఇక ఎప్పుడూ వేసుకోను, అవి నీవి’ అంటే చాలు. ‘నానమ్మ ఇచ్చింది కాబట్టి వేసుకున్నాను’ అని కలపవద్దు, అది నిజమే అయినా ఆ పిల్లకు సాకులాగే వినిపిస్తుంది. జవాబు ఆశించకుండా, ఏడిస్తే దగ్గరికి తీసుకోవాలని తొందరపడకుండా, చెప్పి పక్కకు రండి.

వడ్డిస్తే తినడం లేదని రాశారు. కొంతకాలం వడ్డించకండి. అన్నం, కూర బల్ల మీద మూత పెట్టి ఉంచి, అందరూ ఎవరికి వాళ్లే పెట్టుకునే పద్ధతి ఇంట్లో మొదలుపెడితే, పాప మీ చేతి అన్నం కాదంటున్నట్టూ ఉండదు, మీరు కాదనిపించుకున్నట్టూ ఉండదు. జడల సంగతీ అంతే. పక్కింటావిడ దగ్గరికి వెళ్లనివ్వండి. ఆమె ‘ఎంతైనా సవతి తల్లి కదా’ లాంటి మాటలు పిల్ల చెవిన వేస్తోందనిపిస్తే మాత్రం మీ భర్త వెళ్లి మర్యాదగానే వద్దని చెప్పాలి. మీరు వెళ్లి అడిగితే అది రేపు వీధంతా తిరుగుతుంది.

ఏమని పిలవాలన్న ప్రశ్నను ఇంట్లో ఎవరూ ఎత్తకుండా చూడండి. బంధువులు వచ్చినప్పుడు ‘అమ్మ అని పిలువు’ అంటూ పిల్ల మెడ మీద కత్తి పెట్టినట్టు చేయడం నేను చాలా ఇళ్లలో విన్నాను. దానివల్ల ఆ పిలుపు వచ్చినా అందులో మనసు ఉండదు.

ఇక మీ భర్త గురించి. ధ్రువుడి కథ మన ఇళ్లలో పిల్లలందరికీ చెబుతాం. తండ్రి ఒడిలో కూర్చోబోయిన పసివాణ్ణి సురుచి అడ్డుకుందని చెప్పి, సవతి తల్లి అంటే అంతేనని ముగిస్తాం. ఆ ఒడి ఉత్తానపాదుడిది. ఆయన అక్కడే కూర్చుని అంతా చూస్తూ, కొడుకును దగ్గరికి తీసుకోలేదు, భార్యకు అడ్డు చెప్పలేదు. మీరు సురుచి కాదు, మీ ఇంటి కథ వేరు, కానీ తండ్రి మౌనం మాత్రం ఇక్కడా ఉంది. ‘అదే సర్దుకుంటుంది’ అనడం ఓర్పులా కనిపిస్తుంది. నిజానికి తను మోయాల్సిన బరువును పదకొండేళ్ల పిల్ల మీదా, కొత్తగా వచ్చిన భార్య మీదా పెట్టడం అది. ఆయనకూ దుఃఖం ఉండి ఉంటుంది, చనిపోయిన భార్య పేరెత్తితే మీకు కష్టంగా ఉంటుందనీ, ఎత్తకపోతే పాపకు కష్టంగా ఉంటుందనీ రెండింటి మధ్య నలిగి నోరు మూసుకుని ఉండవచ్చు. ఆయనకు ధైర్యం ఇవ్వాల్సింది మీరే. ‘ఆమె గురించి మీరు మాట్లాడితే నాకు బాధ లేదు, పాపతో మాట్లాడండి’ అని స్పష్టంగా చెప్పండి. వారంలో ఒక సాయంత్రమైనా తండ్రీకూతుళ్లు ఇద్దరే బయటికి వెళ్లాలి. మీ పెళ్లితో తండ్రిని కూడా సగం పోగొట్టుకున్నానన్న భావన పాపలో ఉంటే, అది ఆయన సమయం ఇస్తేనే పోతుంది, మీరు ఎన్ని కొనిచ్చినా పోదు.

సూర్యాపేటతో రాకపోకలు ఆపడం ఈ ఇంట్లో జరిగిన పెద్ద పొరపాటు. వాళ్లు కన్నకూతుర్ని పోగొట్టుకున్నవాళ్లు. ఆమె గుర్తుగా మిగిలింది ఈ మనవరాలే. ‘బాగా చూసుకుంటోందా’ అని అడగడం మీకు అవమానంగా తోచవచ్చు గానీ, వాళ్ల స్థానంలో మీ అమ్మ ఉన్నా అదే అడుగుతుంది. పైగా వాళ్ల భయానికి కొంత ఆధారమూ ఉంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం పాపకు సహజ సంరక్షకుడు తండ్రి. ఆ చట్టం సవతి తల్లిని సహజ సంరక్షకురాలిగా గుర్తించదు. రేపు ఆయనకేమైనా జరిగితే పాప ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న కోర్టుదాకా వెళ్లవచ్చు. తండ్రి వీలునామాలో సంరక్షకులను నియమించే వీలును అదే చట్టం ఇచ్చింది. మీ భర్త ఒక న్యాయవాది సాయంతో వీలునామా రాసి, సంరక్షకులుగా ఎవరుండాలో, పాప చదువుకు, పెళ్లికి ఏది కేటాయిస్తున్నారో అందులో పెట్టి, ఆ సంగతి అమ్మమ్మ, తాతయ్యలకు చెబితే, వాళ్ల ఫోన్లలోని ప్రశ్నలు వాటంతటవే మారతాయి.

వాళ్లకు మొదటి ఫోన్ మీరే చేయండి. సంజాయిషీలు అక్కర్లేదు. పాపకు ఏ కూర ఇష్టమో, చిన్నప్పుడు నిద్రపోవడానికి ఏం చెప్పేవారో అడగండి. వాళ్ల కూతురు గురించి మాట్లాడే అవకాశం వాళ్లకు ఇప్పుడు ఎవరూ ఇవ్వడం లేదు.

ఇంకొక కారణానికి కూడా ఆ ఇంటి అవసరం ఉంది. పాపకు పదకొండేళ్లు నిండాయి. నేడో రేపో పెద్దమనిషి అవుతుంది. తల్లి లేని లోటు ఆడపిల్లకు మళ్లీ కొత్తగా తెలిసే రోజు అది. అమ్మమ్మ వచ్చి పక్కన కూర్చోవడం, మేనమామ చీర తేవడం మన దగ్గర ఆనవాయితీ. పంతాలతో ఆ రోజు వాళ్లు రాకపోతే ఆ పిల్ల జీవితాంతం మర్చిపోదు. ముందుగానే నెలసరి గురించి ఎవరు చెప్పాలో మీరూ అమ్మమ్మగారూ మాట్లాడుకోండి. ఆమె చెబితే మంచిదే. ప్యాడ్లు ఏ అరలో ఉన్నాయో, రాత్రివేళ అవసరమైతే మిమ్మల్ని లేపవచ్చనీ మాత్రం మీరు చెప్పి ఉంచండి.

మీకు బిడ్డ కావాలనుకోవడం మీ హక్కు. దానికి పాప అనుమతి అక్కర్లేదు, అత్తగారి తొందరా అక్కర్లేదు. మీరిద్దరూ నిర్ణయించుకోండి. కబురు మాత్రం పాపకు తండ్రి నోటి నుంచే, బంధువులందరి కంటే ముందు తెలియాలి.

పరాయిదాన్నా అని అడిగారు. మొదటి పెళ్లిలో గాయపడి వచ్చిన మీరు, ఈసారి ఎవరూ వేలెత్తి చూపకూడదని పగలూ రాత్రీ పరీక్ష రాస్తున్నట్టు బతుకుతున్నారని మీ ఉత్తరం చదివితే అనిపించింది. ఆ పరీక్షకు మార్కులు వేసే పని ఒక పసిపిల్లకు అప్పగించారు. అది ఆమె మోయలేదు. ఆ ఇంట్లో మీ చోటు మీ భర్తతో ఉన్న బంధం వల్ల వచ్చింది. పాప మాట్లాడినా, మాట్లాడకపోయినా ఆ చోటు మీదే. మీ మనసు బాగా లేని రోజున దాన్ని వినాల్సింది ఆయన. పిల్లలున్న ఇంట్లో కొత్త బంధాలు కుదురుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఏడాదిన్నర చాలా తక్కువ కాలం. ఆలోపు మీ ఉద్యోగం, స్నేహితులు, పుట్టిల్లు ఏవీ వదులుకోవద్దు.

పాప నిద్ర పోకపోవడం, బాగా చిక్కిపోవడం, చదువులో ఒక్కసారిగా వెనకబడటం, చచ్చిపోవాలని ఉందనడం లాంటివి కనిపిస్తే, ఆలస్యం చేయకుండా పిల్లల మనస్తత్వ నిపుణులకు చూపించండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీ కోసం కూడా చేయవచ్చు.

మహాలయ పక్షం దగ్గర పడింది. ముత్తైదువగా పోయిన స్త్రీలను అందులో నవమి నాడు తలుచుకుంటారు. మీ అత్తగారితో మాట్లాడి, ఆ రోజు పాప చేతుల మీదుగా తల్లి పేరిట స్వయంపాకం ఇప్పించండి. ఏర్పాట్లు మీరే చూడండి, ఇచ్చేటప్పుడు తండ్రి పక్కన ఉండాలి. ఆ తర్వాత బతుకమ్మ పండగకు, దసరా సెలవులకు పాపను సూర్యాపేటలో ఉండనివ్వండి. వెళ్లేటప్పుడు మీ భర్తతో పాటు మీరూ వెళ్లి, ఆ ఇంట్లో భోజనం చేసి రండి. ఏ రోజు వస్తున్నారో అమ్మమ్మగారికి ముందే మీ నోటితో చెప్పండి. తిరిగి ఎప్పుడు రావాలన్నది మాత్రం పాపనే చెప్పనివ్వండి.