మే నెలలో ఆస్ట్రేలియా: పెద్దలతో, పిల్లలతో వచ్చేవారు ఏం చూడాలి, ఏం వదిలేయాలి

మీరు మే నెలలో, పిల్లల వేసవి సెలవుల్లో వస్తున్నారు. చేతిలో పదిహేడు రోజులున్నాయి. వెంట అరవై దాటిన అమ్మానాన్నలు, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు ఉన్నారు. సిడ్నీ, మెల్‌బోర్న్, కెయిర్న్స్, ఉలురు కొండ, టాస్మానియా దీవి, కకడూ వనం, పెర్త్ అన్నీ ఈ ఒక్క ప్రయాణంలోనే చూడవచ్చా అని అడిగారు. చాలా ఏళ్లుగా మెల్‌బోర్న్‌లో ఉంటూ, ఊరి నుంచి వచ్చిన బంధువులను ఈ దేశంలో తిప్పుతున్న అనుభవంతో చెప్పే జవాబు ఒకటే. ఆ జాబితాలో చివరి మూడూ కొట్టేయండి. మిగిలిన నాలుగింటిలోనూ నగరాలకు కేటాయించిన రోజులు తగ్గించి, బయలు ప్రదేశాలకు పెంచండి.

పటంలో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టు కనబడతాయి. కాని ఆస్ట్రేలియా వైశాల్యం సుమారు 77 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశానికి రెండింతల కంటే ఎక్కువ. జనాభా మాత్రం ఒక్క ఆంధ్రప్రదేశ్ జనాభాలో దాదాపు సగం. ఆ జనం కూడా ఎక్కువగా తీరం వెంబడి నగరాల్లోనే ఉంటారు కాబట్టి ఊరికీ ఊరికీ మధ్య ఏమీ లేని నేల వందల కిలోమీటర్ల పొడవున ఉంటుంది. సిడ్నీ నుంచి పెర్త్ ఎంత దూరమో హైదరాబాదు నుంచి సింగపూర్ దాదాపు అంతే దూరం. మెల్‌బోర్న్ నుంచి ఉలురుకు రోడ్డు మీద వెళ్లాలంటే 2,300 కిలోమీటర్ల వరకు నడపాలి. ఊరు మారిన ప్రతిసారీ పెట్టెలు సర్దడానికి, విమానాశ్రయాలకు, కొత్త బసలో కుదురుకోవడానికి ఒక రోజు పోతుంది. పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ రోజు ఒకటిన్నర అవుతుంది.

మీరు మే నెలను ఎంచుకోవడం మాత్రం నిజంగా కలిసివచ్చింది. మన ఎండాకాలంలో ఇక్కడ ఆకురాలు కాలం నడుస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో వచ్చేవారికి మధ్య ఎడారిలో నలభై డిగ్రీల ఎండ, ఉత్తరాన వానలు, తుపానులు ఎదురవుతాయి. మేలో ఆ రెండు ప్రాంతాలూ హాయిగా ఉంటాయి, దక్షిణాన చలి అప్పుడప్పుడే మొదలవుతుంది. అందుకే మీ రోజుల్లో పెద్ద భాగం ఉత్తరానికి, మధ్య భాగానికి ఇవ్వమంటున్నాను.

ముందుగా ఉలురు. ఖర్చు చూసి చాలామంది వదిలేస్తారు, కాని నా దృష్టిలో ఈ దేశంలో ఒక్క చోటుకే వెళ్లే అవకాశం ఉంటే వెళ్లవలసింది అక్కడికే. చుట్టూ చదునైన ఎర్రమట్టి నేల, దాని మీద 348 మీటర్ల ఎత్తున ఒకే ఒక్క ఇసుకరాతి కొండ. దూరం నుంచి నున్నగా కనబడే ఆ రాయి దగ్గరికి వెళితే పొలుసులు పొలుసులుగా ఉంటుంది. రాతిలోని ఇనుము గాలికీ నీటికీ తుప్పు పట్టడం వల్ల వచ్చిన ఎరుపు అది. పొలుసు ఊడిన చోట, గుహల లోపల అసలు రంగు బూడిద రంగులో బయటపడుతుంది. వాన పడ్డప్పుడు నీళ్లు జారే దారుల్లో నాచు పెరిగి ఎండిపోయి, పైనుంచి కిందిదాకా నల్లటి చారలు ఏర్పడ్డాయి. ఆ చారల కింద నిలబడి తల పైకెత్తి చూస్తేనే ఆ కొండ ఎంత పెద్దదో తెలుస్తుంది. ఫొటోల్లో ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

కొండ ఎక్కవచ్చా అని మీ నాన్నగారు అడిగారని రాశారు. ఎక్కకూడదు. ఆ కొండ అనంగు అనే ఆదివాసులకు పవిత్రమైనది. 1985 అక్టోబరు 26న ప్రభుత్వం ఆ భూమి హక్కును వారికి తిరిగి అప్పగించింది, 2019లో సరిగ్గా అదే తేదీ నుంచి ఎక్కడాన్ని పూర్తిగా నిషేధించారు. చుట్టూ నడిచే బాట మాత్రం ఉంది, 10.6 కిలోమీటర్లు, పూర్తిగా చదునైన దారి, తీరిగ్గా నడిస్తే మూడున్నర నుంచి నాలుగు గంటలు. మా అమ్మ దాన్ని మొదటి నుంచీ గిరిప్రదక్షిణ అనే అన్నది. అరుణాచలంలో పద్నాలుగు కిలోమీటర్లు నడిచినావిడకు ఇది లెక్కలోది కాదు. మీవాళ్లు అంత నడవలేకపోతే ముటిట్జులు నీటిమడుగు వరకు వెళ్లి వచ్చే కిలోమీటరు బాట, కాంట్జు లోయ వరకు వెళ్లి వచ్చే రెండు కిలోమీటర్ల బాట చాలు; నీడ, రాతి మీద పాత బొమ్మలు, నీటి చెమ్మ అన్నీ ఆ రెండు చోట్లే దొరుకుతాయి. దారిలో కొన్ని చోట్ల ఫొటోలు తీయవద్దని బోర్డులుంటాయి. అవి అనంగుల ఆచారానికి సంబంధించిన స్థలాలు, గర్భగుడిలో కెమెరా తీయని మనకు ఆ మాట వేరే చెప్పనక్కరలేదు. అక్కడి రాళ్లు ఏరుకుని తీసుకెళ్లకూడదని పిల్లలకు ముందే చెప్పండి. పూర్వం తీసుకెళ్లినవారు ఎందరో, తరువాత క్షమాపణ ఉత్తరాలతో సహా ఆ రాళ్లను పోస్టులో వెనక్కి పంపారు.

ఉలురు చూసినవారిలో చాలామంది యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న కటా జూటాను గంటసేపట్లో చుట్టేసి వస్తారు. నాకు మాత్రం ఆ గుండ్రటి శిఖరాల గుంపే ఎక్కువ నచ్చింది. అందులో ఎత్తైనది ఉలురు కంటే దాదాపు రెండు వందల మీటర్లు ఎక్కువ. వాల్పా లోయ బాట పెద్దవాళ్లు కూడా నెమ్మదిగా నడవగలిగినది, కాకపోతే రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. గాలుల లోయ అనే 7.4 కిలోమీటర్ల బాట మీకూ పెద్ద పిల్లవాడికీ సరిపోతుంది. మేలో సూర్యోదయం ఏడు దాటాకే కాబట్టి పిల్లలను అర్ధరాత్రి లేపనక్కరలేదు. పగలు ఇరవై మూడు, ఇరవై నాలుగు డిగ్రీలు ఉన్నా తెల్లవారుజామున పదికి లోపు పడిపోతుంది, స్వెట్టర్లు తప్పనిసరి. రాత్రిపూట బస బయటికి వచ్చి పది నిమిషాలు ఆకాశం వంక చూడమనండి. పాలపుంతను పుస్తకంలో తప్ప చూడని నగరపు పిల్లలకు అది వేరే పాఠం.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆలిస్ స్ప్రింగ్స్‌కు టికెట్టు చవకగా దొరికిందని అక్కడ దిగేవారున్నారు. అక్కడి నుంచి ఉలురు ఇంకా 450 కిలోమీటర్లు, అయిదు గంటల డ్రైవింగు. కొండ పక్కనే విమానాశ్రయం ఉంది. టికెట్ల సైట్లలో దాన్ని ఎయర్స్ రాక్ అనే పాత పేరుతో వెతకాలి.

కెయిర్న్స్‌లో ప్రధానమైనది 2,300 కిలోమీటర్ల పొడవున్న గ్రేట్ బారియర్ రీఫ్, అంటే పగడపు దిబ్బల వరుస. దీని గురించి ప్రకటనల్లో చూపే రంగులకూ, కంటికి కనబడే రంగులకూ తేడా ఉంటుందని ముందే తెలుసుకుంటే నిరాశ ఉండదు. నీళ్లలో కొద్ది మీటర్ల లోతుకే ఎరుపు రంగు మాయమవుతుంది కాబట్టి పగడాలు ఎక్కువగా గోధుమ, ఆకుపచ్చ, లేత ఊదా రంగుల్లో కనిపిస్తాయి. పైగా సముద్రపు వేడి పెరగడం వల్ల 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరాల్లో చాలా మేర పగడాలు తెల్లబారాయి. అయినా సరే, చూడవలసినదే. నోటితో గొట్టం పట్టుకుని నీటి మీద బోర్లా తేలుతూ చూసినప్పుడు, చిలకచేప పగడాన్ని కొరుకుతున్న చప్పుడు స్పష్టంగా వినబడుతుంది. ఈత రానివారికి పట్టుకుని తేలడానికి పరికరాలు ఇస్తారు, కళ్లజోడు ఉన్నవారికి పవర్ ఉన్న ముసుగులు చాలా పడవల్లో ఉంటాయి, అడిగి తీసుకోవాలి. విషపు జెల్లీచేపల కాలం నవంబరు నుంచి మే వరకు కనుక ఒళ్లంతా కప్పే పలుచటి సూటు వేసుకోండి, సిగ్గుపడవద్దు.

బయటి దిబ్బలకు పడవలో గంటన్నర పడుతుంది. ఆ కాలంలో ఆగ్నేయపు గాలి గట్టిగా వీస్తుంది, పడవ ఊగుతుంది, సగం మందికి వాంతులు వస్తాయి. అందుకే అమ్మానాన్నలను ముప్పావు గంటలో చేరే గ్రీన్ ఐలండ్‌కు తీసుకెళ్లడం మంచిది. అక్కడ అద్దపు అడుగున్న పడవలో కూర్చునే చేపలను చూడవచ్చు, దీవి మీద అడవిలో చెక్కబాట మీద నడవవచ్చు. మరో రోజు కురాండా అనే కొండ ఊరికి వెళ్లండి: 1891 నుంచి నడుస్తున్న కొండరైలులో పైకి, అడవి మీదుగా 7.5 కిలోమీటర్ల తీగమార్గంలో (రోప్‌వే) కిందికి. వానాకాలం ముగిసిన కొత్త కాబట్టి బారన్ జలపాతంలో నీళ్లుంటాయి. సెప్టెంబరులో వచ్చేవారు చూసేది ఎక్కువగా బండలే. ఓపిక ఉంటే డెయిన్‌ట్రీ అడవికి ఒక రోజు. అక్కడి నదుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి, బోర్డు ఉన్న చోట నీటి అంచున కూడా నిలబడకూడదు.

సిడ్నీలో ఒపేరా హౌస్, వంతెన ఎలాగూ చూస్తారు, వాటి గురించి నేను చెప్పేది లేదు; మ్యాన్లీ వెళ్లే ఫెర్రీ ఎక్కితే రెండూ నీటి మీద నుంచి కనబడతాయి, వేరే పడవ యాత్ర టికెట్టు కొననక్కరలేదు. కటూంబాకు రైలులో రెండు గంటలు, బ్లూ మౌంటెన్స్ అక్కడే. అయితే పెద్దవాళ్లతో వచ్చే తెలుగువారికి నేను గట్టిగా చెప్పే రోజు వేరే ఉంది. నగరానికి దక్షిణంగా గంట లోపు దూరంలో హెలెన్స్‌బర్గ్‌లో శ్రీవేంకటేశ్వర ఆలయం ఉంది. ఉదయం దర్శనం చేసుకుని, కొద్ది నిమిషాల దూరంలోని బాల్డ్ హిల్ మీదికి వెళ్లండి. గాలి అనుకూలంగా ఉంటే మనుషులు రెక్కలు కట్టుకుని ఆ కొండ అంచు నుంచి సముద్రం మీదికి దూకుతూ కనబడతారు. 1894లో విమానయాన పరిశోధకుడు లారెన్స్ హార్‌గ్రేవ్ పెట్టె గాలిపటాలు కట్టుకుని నేల మీద నుంచి పైకి లేచింది ఆ కొండ కిందనున్న తీరంలోనే. అక్కడి నుంచి దిగితే సముద్రపు అంచున, కొండకు ఆనకుండా నీటి మీద కట్టిన 665 మీటర్ల సీ క్లిఫ్ వంతెన వస్తుంది. రాళ్లు విరిగిపడి పాత రోడ్డు మూసేశాక 2005లో దాన్ని కట్టారు, దాని మీద కాలిబాట కూడా ఉంది. తిరుగు ప్రయాణంలో 1879లో ఏర్పడిన రాయల్ నేషనల్ పార్కు గుండా రావచ్చు.

మెల్‌బోర్న్ నుంచి, సముద్రం వెంబడి సాగే గ్రేట్ ఓషన్ రోడ్డును ఒకే రోజులో చూపించే బస్సులు ఎక్కవద్దు. పన్నెండు గంటల ప్రయాణంలో ఎక్కువ భాగం కిటికీ పక్కన కునుకు తీయడమే అవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులు 1919 నుంచి 1932 వరకు కష్టపడి కట్టిన దారి అది. అపోలో బేలో గాని, పోర్ట్ క్యాంప్‌బెల్‌లో గాని ఒక రాత్రి ఉంటే, బస్సులు రాకముందే ఉదయాన్నే పన్నెండు అపోస్తలులు (ట్వెల్వ్ అపోజల్స్) అనే సముద్రపు రాతి స్తంభాల దగ్గర నిలబడవచ్చు. పేరుకు పన్నెండే గాని ఇప్పుడు ఉన్నవి ఏడెనిమిది స్తంభాలే. ఒకటి 2005లో కూలిపోయింది. పక్కనే ఉన్న లాక్ ఆర్డ్ లోయలోకి తప్పకుండా దిగండి. 1878లో అక్కడ ఓడ బద్దలై 54 మందిలో ఇద్దరే బతికారు. రెండు గోడల మధ్య ఆ చిన్న ఇసుక తిన్నె మీద నిలబడితే, అల లోపలికి వచ్చే ఇరుకు దారి చూసి ఆ ఇద్దరైనా ఎలా బతికారా అనిపిస్తుంది.

మిగతావి టూకీగా. టాస్మానియా అందమైనదే, కాని మే మధ్యకు సాయంత్రం అయిదుకే చీకటి పడుతుంది, చలి మీ పెద్దలకు పడదు. పెర్త్‌కు అయిదు గంటల విమాన ప్రయాణం పెట్టుకోవలసినంత తీరిక మీకు లేదు. నింగలూ తీరంలో తిమింగల సొరచేపలతో ఈదాలనే కోరిక ఉంటేనే ఆ వైపు ఆలోచించాలి. అప్పుడు కూడా ఆ తీరం పెర్త్ నుంచి పన్నెండు వందల కిలోమీటర్లకు పైనే. కకడూలో వానల వల్ల మూసిన కొన్ని దారులు మేలో ఇంకా తెరవరు.

కారు అద్దెకు తీసుకుంటే మనలాగే ఎడమ వైపు నడపడం కాబట్టి ఇబ్బంది లేదు. పొద్దువాలాక మాత్రం ఊళ్ల బయట నడపవద్దు, కంగారూలు దీపాల ముందుకే గెంతుతాయి. ఎడారి ప్రాంతపు అద్దె ఒప్పందాల్లో ఆ నిషేధం తరచుగా రాసే ఉంటుంది. సముద్రంలో స్నానం చేస్తే ఎరుపు, పసుపు జెండాల మధ్యే చేయండి. మోకాలి లోతులో ఉన్న మనిషిని కూడా లోపలికి లాగేసే ప్రవాహాలు ఈ తీరంలో ఉన్నాయి, మనవాళ్లు కొట్టుకుపోయిన వార్తలు ఇక్కడ తరచుగా చదువుతూనే ఉంటాం.

అమ్మగారు ఆవకాయ, పొడులు, నెయ్యి కట్టిస్తారు కాబట్టి ఒక మాట. విమానంలో ఇచ్చే కార్డులో తినే పదార్థాలు ఉన్నాయని నిజం రాయండి. రాసి చూపిస్తే మహా అయితే కొన్ని తీసేసుకుంటారు, దాచి దొరికితే జరిమానా పెద్దది. పచ్చి కరివేపాకు, పళ్లు, విత్తనాలు అసలు తేవద్దు. సిడ్నీలో హారిస్ పార్కులో అన్ని సరుకులూ దొరుకుతాయి. ఉలురు దగ్గర యులారాలో ఒకే సూపర్ మార్కెట్టు ఉంది, అందుచేత చిన్న కుక్కరూ బియ్యమూ నగరంలోనే కొని వెంట పట్టుకెళ్లండి.

బుకింగులు చేసేటప్పుడు ముందు యులారా బస, దాని విమానం ఖాయం చేసుకోండి. అక్కడ బసలు తక్కువ, వంటగది ఉన్న గదులు ఇంకా తక్కువ, అవే ముందు అయిపోతాయి. నేనైతే ఉలురుకు మూడు రాత్రులు, కెయిర్న్స్‌కు అయిదు, సిడ్నీకి అయిదు, మెల్‌బోర్న్, సముద్రపు దారి కలిపి మిగిలినవి పెడతాను. మీరు దిగే నగరం, తిరిగి బయలుదేరే నగరం వేర్వేరుగా ఉండేలా అంతర్జాతీయ టికెట్టు తీసుకుంటే, వెనక్కి రావడానికి ఒక రోజు వృథా కాదు.