విమానంలో జంప్ సీటు పూర్తిగా ముడుచుకోవట్లేదా? స్ప్రింగ్ మార్చే ముందు ఇవి చూడండి

బెంగళూరు పీన్యాలో చేయించిన జంప్ సీటు (విమాన సిబ్బంది కూర్చునే మడత సీటు) ప్రోటోటైప్‌లో, మనిషి లేచాక సీటు పాన్ (కూర్చునే పలక) పైకి ముడుచుకుంటూ చివర్లో నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోతోందన్నారు కదండీ. స్ప్రింగ్ సంగతి తర్వాత. ముందు బెల్టు చూడండి: బెల్టును వెనక్కి చుట్టే రిట్రాక్టర్ లాగక బకిల్ మధ్యలో ఇరుక్కుంటే పాన్ మూసుకోదు. అదీ కాకపోతే హింజ్ పిన్లు తీసి రెండు బ్రాకెట్లలోకీ పొడవాటి రాడ్ ఒకటి దూర్చండి. బిగుసుకుందంటే రంధ్రాలు ఒకే లైనులో లేనట్టే. రెండు రంధ్రాలనూ కలిపి ఒకే సెట్టింగులో రీమ్ చేయించండి (అంటే లోపల సన్నగా చెక్కి సరిచేయించడం).

ఇక లెక్క. పాన్ 3 కిలోలు, దాని బరువు కేంద్రం హింజ్ నుంచి 180 మి.మీ. అనుకుంటే, అడ్డంగా ఉన్నప్పుడు దాన్ని కిందికి తిప్పే భారం సుమారు 5.3 న్యూటన్ మీటర్లు. పైకి లేచేకొద్దీ ఆ భారమూ, స్ప్రింగ్ బలమూ తగ్గుతాయి. హింజ్ బుష్ (పిన్ తిరిగే గొట్టం) రాపిడి మాత్రం అలాగే ఉంటుంది. అందుకే మూసిన స్థితిలోనూ స్ప్రింగ్‌లో కొంత బిగువు (ప్రీలోడ్) మిగలాలి. రెండు వైపులా చెరో టోర్షన్ స్ప్రింగ్ (మెలితిప్పితే తిరిగి వెనక్కి తిప్పేది) పెట్టండి, ఒకటి విరిగినా రెండోది ఒక్కటే పాన్‌ని లేపాలి.

చేత్తో వేసే లాచ్‌తో (గడియతో) సరిపెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. వాడనప్పుడు సీటు దారికీ ఎగ్జిట్‌కీ అడ్డు రాకూడదని అమెరికా విమానయాన నియమం ఎఫ్‌ఏఆర్ 25.785 చెబుతోంది, హడావుడిలో లాచ్ ఎవరికి గుర్తుంటుంది?