రాబందు గుండె మీద సుద్ద

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రాబందుల వ్యాసం చదివాను. భాష హాయిగా ఉంది, ఆగకుండా చదివిస్తుంది. కానీ మొదటి పేజీలోనే 'ప్రకృతి సమతుల్యత దెబ్బతింది' అని తేల్చేశావు. ఆ మాట ఏ జంతువు గురించైనా రాయొచ్చు. రాబందు ఎందుకు చచ్చిపోయిందో అందులో లేదు. ఏం తెలిసిందన్నది ఒక్కటే కాదు, ఎలా తెలిసిందో కూడా రాయి. నేను నీకు చెప్పదలచుకున్నది అదే.

1990లలో రాబందులు గుంపులు గుంపులుగా రాలిపోతుంటే, ఏదో అంటురోగమని చాలామంది అనుకున్నారు. పురుగుమందులనూ అనుమానించారు. పాకిస్తాన్ పంజాబ్‌లో పశువైద్య శాస్త్రవేత్త లిండ్సే ఓక్స్ బృందం చచ్చిన పక్షుల్ని కోసి చూసింది. చాలావాటిలో గుండె మీదా, కాలేయం మీదా సుద్ద పూసినట్టు తెల్లటి పొర. అది కిడ్నీలు బయటికి పంపాల్సిన యూరిక్ యాసిడ్. అంటే కిడ్నీలు పోయాయన్నమాట. వైరస్ పరీక్షల్లో ఏమీ దొరకలేదు, విషాల పరీక్షల్లోనూ అంతే. రాబందులు తినేది చచ్చిన గొడ్లనే కదా, అందుకని పశువైద్యుల్నీ, మందుల షాపుల వాళ్ళనీ కలిసి, గొడ్లకి ఏ మందులు వాడుతున్నారని అడిగారు. అలా తేలింది డైక్లోఫెనాక్, మనం మోకాళ్ళ నొప్పులకు వేసుకునేదే. కిడ్నీలు పోయి చచ్చిన 25 పక్షుల్ని పరీక్షిస్తే అన్నిట్లోనూ ఆ మందు ఉంది. వేరే కారణాలతో చచ్చిన 13 పక్షుల్లో ఒక్కదాంట్లోనూ లేదు. 2004లో ఆ ఫలితం అచ్చయింది.

నీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యమే ఇచ్చావు. నన్నడిగితే రెండు పేజీలివ్వాలి. చదివేవాడు ఆ షాపు దాకా వాళ్ళతో నడవాలి.

'మందు కలిసిన కళేబరాలు చాలా ఎక్కువ' అని రాశావు, అది తీసెయ్యి. రాబందులు అంతగా తగ్గిపోవడానికి వంద కళేబరాల్లో ఒక్కదాంట్లో కూడా మందు ఉండక్కర్లేదని లెక్క కట్టారు. ఒక గొడ్డు మీద పదుల సంఖ్యలో పక్షులు వాలతాయి. పైగా రాబందు ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు, పోయినవాటి లోటు ఎలా తీరుతుంది?

మన దేశంలో పశువులకు డైక్లోఫెనాక్ వాడకూడదన్న 2006 నిషేధంతో ఆపేశావు. కథ అక్కడ ఆగలేదు. ఆ తర్వాత కూడా మనుషుల కోసం అమ్మే డైక్లోఫెనాక్ పెద్ద సీసాలే పశువులకు వాడేవారు, అందుకే 2015లో వాటినీ ఆపారు. పశువుల శరీరంలో డైక్లోఫెనాక్‌గా మారిపోయే ఎసిక్లోఫెనాక్‌ను పశువైద్యంలో నిషేధించింది 2023లో. డైక్లోఫెనాక్‌కి బదులు వాడదగ్గ, రాబందులకు హాని చెయ్యని నొప్పి మందు మెలాక్సికామ్ గురించి మాత్రం తప్పకుండా రాయి, రైతుకి పనికొచ్చే మాట అది.

ఇక మీ ఊరి పశువుల ఆస్పత్రికి వెళ్ళు. జ్వరమొచ్చిన గేదెకి ఏ ఇంజెక్షన్ చేస్తున్నారో డాక్టరుగారిని అడుగు, సీసా మీది పేరు నీ కళ్ళతో చదువు. వీలైతే ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు వైపు వెళ్ళి, పాలరాపు గుట్ట దగ్గర రాబందుల్ని కనిపెట్టి చూసిన అటవీ సిబ్బందితో మాట్లాడు. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసుకో. తర్వాత రెండో ప్రతి పంపు, ఎదురు చూస్తుంటాను.