మూడో రోజు టికెట్టు

ప్రశ్న: నాకు క్రికెట్ పిచ్చి. నా భార్యకు ఆ ఆట అసలు పట్టదు. ఇద్దరం కలిసి ఏదైనా పెద్ద నగరానికి వెళ్ళి, ఒక మ్యాచ్ చూసి, ఊరు కూడా చూసి రావాలని ఉంది. ఇలా వెళ్ళినవారు ఎవరైనా ఉన్నారా? గొడవ పడకుండా తిరిగి వచ్చారా?

వెళ్ళాం. గొడవ పడ్డాం. అయినా కలిసే తిరిగి వచ్చాం.

మాది కడప. ఏడురోడ్ల కూడలికి దగ్గర్లో నాకొక చిన్న పుస్తకాల కొట్టు ఉంది. నోటుపుస్తకాల వ్యాపారానికి జూన్ పండగ, నవంబరు ఉపవాసం. అందుకే 2019 నవంబరులో వారం రోజులు కొట్టు మూసి కోల్‌కతా వెళదామన్నాను. మా ఆవిడ వెంటనే ఒప్పుకుంది. కాళీమాతను చూపిస్తాననుకుంది పాపం. అక్కడి క్రికెట్ మైదానం ఈడెన్ గార్డెన్స్ సంగతి రైలు టికెట్లు చేతికి వచ్చాక చెప్పాను. నా మొదటి తప్పు అదే. మీరు మాత్రం ముందే చెప్పండి.

ఈడెన్ మీద నాకున్న మోజు పాతది. 2001 మార్చి 14న నేను డిగ్రీ విద్యార్థిని. అక్కడ ఆస్ట్రేలియా మనల్ని ఫాలోఆన్ ఆడిస్తోంది, అంటే మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడ్డామని వెంటనే మళ్ళీ బ్యాటింగ్‌కు దించింది. నాలుగో రోజు పొద్దున ఆట మొదలయ్యేసరికి లక్ష్మణ్ 109 మీద ఉన్నాడు. కాలేజీకి వెళుతూ ఒక టీవీల కొట్టు ముందు ఐదు నిమిషాలని ఆగాను. సాయంత్రం దాకా కదల్లేదు. ఆ రోజంతా ఒక్క వికెట్టు కూడా పడలేదు. లక్ష్మణ్, ద్రావిడ్ కలిసి ఒక్క రోజులో 335 పరుగులు చేశారు. మర్నాడు లక్ష్మణ్ 281 వద్ద అవుటయ్యాడు, హర్భజన్ మిగిలిన పని చూశాడు, వరుసగా పదహారు టెస్టులు గెలిచి వచ్చిన జట్టు ఓడిపోయింది. ఆ కొట్టు యజమాని మధ్యలో నాకొక స్టూలు కూడా వేశాడు. ఆ గడ్డను ఒక్కసారైనా కళ్ళారా చూడాలన్న కోరిక అప్పటిది.

2019లో సాకు దొరికింది. మన దేశంలో మొట్టమొదటి పగలు-రాత్రి టెస్టు, ఐదు రోజుల దాకా సాగే ఆట, గులాబీ బంతితో, బంగ్లాదేశ్ మీద, ఈడెన్‌లో. నవంబరు 22 శుక్రవారం మొదలు. టికెట్టు సినిమా టికెట్టు కన్నా చవక. అయితే శుక్ర, శనివారాల టికెట్లు నాకు దొరకలేదు, ఆదివారానివి దొరికాయి. అంటే మూడో రోజు. మంచిదే అనుకున్నాను. టెస్టు మ్యాచ్ రసకందాయంలో పడేది మూడో రోజే అని మా ఆవిడకు పెద్ద ఉపన్యాసం ఇచ్చాను.

గురువారం రాత్రి కడపలో రైలెక్కి, పొద్దున చెన్నైలో దిగి కోరమండల్ ఎక్కాం. అక్కడి నుంచి హౌరా దాదాపు 1660 కిలోమీటర్లు. మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడ ఆట మొదలైంది, ఇక్కడ నా ఫోను పని మొదలైంది. స్టేషను దగ్గరపడితే సిగ్నలు వచ్చేది, పొలాల్లోకి వెళితే పోయేది. వచ్చిన ప్రతిసారీ రెండు వికెట్లు పడి ఉండేవి. బంగ్లాదేశ్ 106కు ఆలౌట్. ఇషాంత్ శర్మకు ఐదు వికెట్లు. పెట్టెలో అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. తర్వాత వేళ్ళ మీద లెక్క వేసుకుంటే గుండె జారింది.

"గెలుస్తున్నది మనవాళ్ళే కదా, ముఖం అలా పెట్టారేమండీ?" అంది మా ఆవిడ.

"ఇదే వరసలో పోతే ఆదివారం దాకా ఆట ఉండదు" అన్నాను.

ఆమె కాసేపు కిటికీలోంచి చూసి, గులాబీ రంగు బంతి ఎందుకని అడిగింది. రాత్రి దీపాల కింద ఎర్ర బంతి సరిగా కనబడదని, తెల్ల బంతి టెస్టు మ్యాచ్‌కు తగినంత సేపు నిలవదని, అందుకే గులాబీ బంతి తెచ్చారని, దాని రంగు పోకుండా పైన మెరుగు ఎక్కువ పెడతారని, ఆ మెరుగు చెడకుండా పిచ్ మీద గడ్డి కూడా కాస్త వదులుతారని చెప్పాను. ఆమెది ప్రొద్దుటూరు. బంగారు అంగళ్ళ వీధిలో పుట్టి పెరిగిన మనిషి. మెరుగు అన్న మాట చెవిన పడగానే చూపు మారింది. "మెరుగు పోని సరుకు చేతిలో జారుతుంది. మీ వేగంగా వేసేవాళ్ళే అంతా ముగించేస్తారు, తిప్పేవాళ్ళకు పని ఉండదు" అంది. నేను నవ్వాను. ఆ మ్యాచ్ మొత్తంలో బంగ్లాదేశ్‌వి పందొమ్మిది వికెట్లు పడ్డాయి. అన్నీ వేగంగా వేసే పేసర్లవే. బంతిని తిప్పే అశ్విన్‌కు, జడేజాకు ఒక్కటి కూడా రాలేదు. ఇరవై ఏళ్ళుగా ఆట చూస్తున్న నాకు తట్టని సంగతి మెరుగు లెక్కతో ఆమెకు తట్టింది.

శనివారం మధ్యాహ్నం హౌరాలో దిగాం. స్టేషను బయటికి రాగానే ఎదురుగా హౌరా వంతెన. 1943లో తెరిచారు. నట్లూ బోల్టులూ లేకుండా రివెట్లతోనే బిగించిన ఉక్కు. అదంతా చెబుదామని నోరు తెరిచాను. "ఊరికే చూడనివ్వండి" అంది. నోరు మూసుకున్నాను. ఆ ప్రయాణంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. పడవ కోసం రేవు దగ్గర నిలబడి అరగంట చూశాం.

ఆ పడవ నదికి అటువైపు బాబూఘాట్ దగ్గర దించుతుంది. అక్కడి నుంచి ఈడెన్ దీపస్తంభాలు కనిపిస్తాయి. లోపల కోహ్లి 136 కొట్టి వెళ్ళాడని ఫోను చెప్పింది. లోపలి జనం అరుపు నది గాలి మీద తేలివస్తోంది. ఊరంతా ఆ బంతి కోసమే గులాబీ రంగు దీపాలు వేసుకుంది. బయట ఒకతను ఎక్కువ ధరకు టికెట్టు ఇస్తానన్నాడు. నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. మా ఆవిడ ఆ చేతిని బయటికి తీసి, "రేపటిది ఉందిగా, ఆకలేస్తోంది" అంది. గొడవ అక్కడ జరిగింది. నేను ఏమన్నానో ఇక్కడ రాయను. లూచీలు, ఆలూ దమ్ తిన్నాం. ఇద్దరం మాట్లాడుకోలేదు. కూర తియ్యగా ఉంది. ఆమె చేతిసంచిలోంచి శనక్కాయల పొడి తీసి ముందు నా విస్తట్లో వేసింది. మాటలు మళ్ళీ మొదలయ్యాయి.

ఆదివారం. బంగ్లాదేశ్ రెండో ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు పోగొట్టుకుని 152 మీద ఉంది. ఇంకా 89 పరుగులు వెనకబడి ఉంది. గేటు దగ్గర చేతిసంచులు, నీళ్ళ సీసాలు రానివ్వలేదు. మీరు సంచిని బసలోనే వదిలి వెళ్ళండి. మేము దాన్ని బయట ఒక టీ కొట్టు పెద్దాయనకు అప్పగించి, నమ్మకం మీద లోపలికి వెళ్ళాం. శనక్కాయల చిక్కీ పొట్లం మాత్రం ఆమె కొంగులో ఎలా దాటిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మెట్లెక్కి పైకి రాగానే ఒక్కసారిగా పచ్చదనం. టీవీలో చూసిన పచ్చ వేరు, ఇది వేరు. నేను లక్ష్మణ్ నిలబడిన చోటు ఏదై ఉంటుందా అని చూస్తున్నాను. ఇంతలో ఆట మొదలైంది. ఉమేశ్ యాదవ్ పరుగెత్తి వస్తున్నాడు. ముష్ఫికుర్ రహీమ్ ఒక్కడే ఎదురు నిలిచి 74 చేశాడు. అతను అవుటయ్యాక ఇంకొకరు, అంతే. గాయపడి ముందు రోజే వెళ్ళిపోయిన మహమూదుల్లా బ్యాటింగ్‌కు రాలేదు. మనవాళ్ళు రెండోసారి బ్యాటింగ్ చెయ్యకుండానే, ఇన్నింగ్స్ 46 పరుగుల తేడాతో మన గెలుపు. గడియారం చూస్తే మధ్యాహ్నం రెండు ఇంకా కాలేదు. కడప నుంచి రెండు రాత్రులు, ఒక పగలు ప్రయాణం చేసి వచ్చి చూసిన ఆట గంట కూడా లేదు.

మా పక్క కుర్చీల్లో ఢాకా నుంచి బస్సులో వచ్చిన దంపతులు కూర్చున్నారు. వాళ్ళవీ మూడో రోజు టికెట్లే. ఆయన జెండా మడిచి ఒళ్ళో పెట్టుకుని శూన్యంలోకి చూస్తున్నాడు. నా ముఖమూ అలాగే ఉండి ఉంటుంది. గెలిచిన జట్టు అభిమాని, ఓడిన జట్టు అభిమాని ఒకే ముఖం పెట్టుకుని కూర్చోవడం నేను మరెక్కడా చూడలేదు. ఆడవాళ్ళిద్దరూ మమ్మల్ని చూసి ఒకేసారి నవ్వారు. మా ఆవిడ కొంగు ముడి విప్పి చిక్కీ పంచింది. కడప జిల్లాలో పెరిగినవాళ్ళకు ఉర్దూ ముక్కలు రాకుండా ఉండవు కదా. ఆమె ఆ ముక్కలతో, ఆవిడ టీవీ హిందీతో కబుర్లలో పడ్డారు. మధ్యలో మా ఆవిడ వద్దు అనడానికి మన సీమ ఉర్దూలో "నక్కో" అంటే, ఢాకా ఆవిడ దాన్ని "నాక్" అనుకుని ముక్కు చూపించింది. ఇద్దరూ మళ్ళీ నవ్వు. మేమిద్దరం మగవాళ్ళం ముష్ఫికుర్ గురించి రెండు మాటలు, లక్ష్మణ్ గురించి నాలుగు మాటలు మాట్లాడుకున్నాం. 281 అనగానే ఆయన లేచి నిలబడి ఆ షాట్ ఎలా కొట్టాడో చేత్తో చూపించాడు. ఆస్ట్రేలియా స్పిన్నర్ వార్న్ లెగ్ స్టంప్ బయట వేసిన బంతిని లక్ష్మణ్ ముందుకొచ్చి కవర్ల మీదుగా కొట్టిన షాట్. నా పద్దెనిమిదేళ్ళ మోజు ఒక పరాయి దేశపు మనిషి చేతిలో కనిపించింది.

తర్వాత పొద్దంతా మిగిలింది. టీ కొట్టు పెద్దాయన దగ్గర సంచి భద్రంగా ఉంది. మైదాన్ మీదుగా విక్టోరియా మెమోరియల్ వైపు నడిచాం. ఈడెన్ పక్కనే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ క్లబ్బులు ఉన్నాయి. దారిలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఆ రెండు జట్ల గొడవ ముందు మన గొడవలు ఏపాటివి! మోహన్ బగాన్ 1911లో బూట్లు తొడిగిన బ్రిటిష్ పటాలం జట్టును ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ అనే ఫుట్‌బాల్ పోటీ గెలిచింది. జట్టులో ఎక్కువమందికి కాళ్ళకు బూట్లు లేవు. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ చేప వండుకోవడం అక్కడి ఆనవాయితీ. ఇలిష్ అంటే మన గోదావరి వాళ్ళ పులస. "ఈ ఊళ్ళో ఆట కూడా వంటింటి దాకా వస్తుందన్నమాట" అంది మా ఆవిడ. అప్పటి నుంచి ఆమె ప్రశ్నలు అడగడం, నేను జవాబులు చెప్పడం. వద్దన్నప్పుడు ఆపేశానని ఒక మార్కు వచ్చినట్టుంది.

సోమవారం ఇండియన్ మ్యూజియం చూద్దామని తలుపు దాకా వెళ్ళాం. సెలవు. విక్టోరియా లోపలి గదులకూ సోమవారమే సెలవు. ఇది గుర్తుంచుకోండి. చేసేది లేక పక్కనే ఉన్న న్యూ మార్కెట్‌కు వెళితే అక్కడ ఆ ఢాకా దంపతులు ఎదురయ్యారు. ఆయన చేతిలో నాలుగు సంచులు. ఆ తర్వాత నా చేతిలోనూ నాలుగు. అక్కడి నుంచి బౌబజారు నగల వీధికి వెళ్ళాం. ఒక నెక్లెసు తూకం వెయ్యకుండానే, అరచేతిలో పెట్టుకుని బరువు చెప్పింది మా ఆవిడ. కొట్టతను తూచి చూసి కుర్చీ వేయించాడు. టీవీ కొట్టు ముందు నాకు స్టూలు వేసినప్పుడు ఎలా అనిపించిందో, ఆమె ముఖంలో అదే కనబడింది. ఏమీ కొనలేదు. పని చూసింది, అంతే. గంటన్నర. నేను ఒక మూల కూర్చుని ఒక్కసారి కూడా గడియారం వైపు చూడలేదని ప్రమాణం చెయ్యలేను. రెండుసార్లు చూశాను.

మంగళవారం దక్షిణేశ్వరం. రాణి రాస్మణి 1855లో కట్టించిన గుడి. అక్కడి నుంచి పడవలో అవతలి ఒడ్డున బేలూరు మఠం. ఆ రోజు పూర్తిగా ఆమెది. దాన్ని గురించి రాయడానికి నాకు అర్హత లేదు, అడిగితే ఆమె చెబుతుంది. మేము వెళ్ళినప్పుడు గుడికి మెట్రో లేదు, 2021లో వచ్చింది. హౌరా మైదాన్ నుంచి ఎస్ప్లనేడ్‌కు నది అడుగున మెట్రో 2024 మార్చిలో మొదలైంది. అయినా వెళ్ళేటప్పుడు పడవే ఎక్కండి.

ఇక మీ సంగతి. టెస్టు అయితే మొదటి రోజు టికెట్టే కొనండి. వాన రాకపోతే ఆ రోజు ఆట ఉంటుందన్న భరోసా ఉంది. వన్డే, టీ20 అయితే ఈ బెడద లేదు గాని, ఆ రోజు ఇంకే కార్యక్రమమూ పెట్టుకోకండి, జనంలోంచి బయటపడేసరికి అర్ధరాత్రి దాటుతుంది. మన సీమ నుంచి కోల్‌కతా దూరమనిపిస్తే చెన్నై వెళ్ళండి. అక్కడి చెపాక్ స్టేడియం నుంచి మెరీనా తీరం నడిచే దూరం, మ్యాచ్ ముందే ముగిసినా సముద్రం ఎక్కడికీ పోదు. అసలు మ్యాచ్ అంటే ఏమిటో ముందు ఆవిడకు చూపించాలంటే కడప రాజారెడ్డి స్టేడియంలో రంజీ మ్యాచ్ ఉన్నప్పుడు ఒక పూట తీసుకెళ్ళండి. నేను తీసుకెళ్ళలేదు, అది నా రెండో తప్పు.

మొన్న ప్రొద్దుటూరులో మా అత్తమ్మ ఇంటికి ఎవరో చుట్టాలు వచ్చి, కలకత్తాలో ఏం చూశారని అడిగారు. నేను నోరు విప్పేలోపు మా ఆవిడే మొదలుపెట్టింది: "ఈడెన్‌లో మనవాళ్ళు గెలిచిన రోజు మేం అక్కడే ఉన్నాం. ఆ బంతికి మెరుగు ఎక్కువ, అందుకే తొందరగా అయిపోయింది."