కుక్క ఈనే సమయం దగ్గరపడిందని తెలిసేదెలా?

మీ కుక్కకు ఇది తొలిచూలు, రెండు నెలలు నిండాయి, పాలు కూడా దిగాయి కాబట్టి ఈ రోజో రేపో ఈనుతుందా అని అడిగారు. పాలను బట్టి చెప్పలేమండీ. కొన్నింటికి వారం ముందే దిగుతాయి, తొలిచూలు కుక్కలకు ఒక్కోసారి ఈనే వేళకు గాని దిగవు. రోజుల లెక్క కూడా అంతంతమాత్రమే. అండం విడుదలైనప్పటి నుంచి సుమారు 63 రోజులు పడుతుంది కానీ, ఆ రోజు ఏదో మనకు తెలియదు. జతకట్టిన రోజు నుంచి లెక్కిస్తే 58 నుంచి 72 రోజుల మధ్య ఎప్పుడైనా ఈనవచ్చు.

నేను నమ్మేది థర్మామీటరునే. చివరి వారం పొద్దున, సాయంత్రం మలద్వారంలో పెట్టి చూసి రాసుకోండి. కొనకు కాస్త వాజిలిన్ రాస్తే కుక్క ఇబ్బంది పడదు. మామూలుగా 100 నుంచి 102 ఫారన్‌హీట్ డిగ్రీలు ఉంటుంది. గర్భాన్ని నిలిపి ఉంచే ప్రొజెస్టిరాన్ పడిపోగానే ఒంటి వేడి కూడా 99 కంటే కిందికి దిగుతుంది. అక్కడి నుంచి సాధారణంగా 24 గంటల్లో ఈనుతుంది. ఈ తగ్గుదల కొద్ది గంటలే ఉంటుంది కాబట్టి రోజుకు ఒక్కసారే చూస్తే తప్పిపోవచ్చు.

మా కుక్కకు వేడి తగ్గిన సాయంత్రమే అన్నం ముట్టలేదు. మంచం కిందికి దూరి, పరిచిన పాత దుప్పటిని ముందుకాళ్లతో గీరి గీరి కుప్ప చేసింది. పడుకుంటుంది, లేస్తుంది, రొప్పుతుంది, వణుకుతుంది, తల తిప్పి తన డొక్కల వైపే చూసుకుంటుంది. అది చూస్తే ఎవరికైనా కంగారు పుడుతుంది. కానీ ఈ దశ 6 నుంచి 12 గంటలు, తొలిచూలుకైతే ఇంకా ఎక్కువ సాగినా సహజమే. గది చీకటిగా, సందడి లేకుండా ఉంచి, ఒక్కరే దగ్గర కూర్చోండి. చుట్టాలనూ పిల్లలనూ దయచేసి రానివ్వకండి. బెదిరితే నొప్పులు ఆగిపోతాయి.

పొట్ట బిగపట్టి ముక్కడం మొదలైందంటే అసలు కాన్పు మొదలైనట్లే. ఇక గడియారం చూస్తూ ఉండాలి. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోతే, లోపల ఇంకా పిల్లలుండగా రెండు గంటలు దాటినా మరోటి రాకపోతే వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. తీగలా సాగే తెల్లని జిగురు కనిపిస్తే భయపడనక్కరలేదు. మొదటి పిల్ల రాకముందే ముదురు ఆకుపచ్చ ద్రవం కారితే మాత్రం మాయ విడిపోతోందని అర్థం, అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆగవద్దు. మొదటి పిల్ల పుట్టాక అదే రంగు కనిపించడం మామూలే. పిల్లలు వెనుక కాళ్లతో ముందుగా రావడం కూడా కుక్కల్లో సాధారణమే.

పుట్టిన పిల్ల మీది పొరను తల్లి వెంటనే నాకి తీసేయకపోతే మీరే మూతి దగ్గర చించి, పొడి గుడ్డతో రుద్దండి. ఇంకొక్క మాట, పాలు బాగా పడాలని ఇప్పుడు కాల్షియం మాత్రలు వేయకండి. డాక్టరు చెప్పకుండా గర్భంలో ఇస్తే, ఈనిన తర్వాత కాల్షియం పడిపోయి తల్లికి ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. అర్ధరాత్రి కూడా ఫోను ఎత్తే పశువైద్యుడు ఎవరున్నారో ఈ రోజే కనుక్కోండి, మీకు ధైర్యంగా ఉంటుంది.