మీ నాయన దమ్ము సంగతి

బిడ్డా,

నల్లగొండ నుంచి మీ పెద్దమ్మ రాస్తున్నాను. మొన్న ఫోన్లో నీ గొంతు వింటేనే ఎంత టెన్షన్ పడుతున్నావో తెలిసింది. నువ్వు హైదరాబాద్‌లో, మీ అమ్మానాయనలు మిర్యాలగూడ పక్కన ఊళ్లో. మీ నాయన దమ్ము జబ్బుకు ఆక్సిజన్ మిషన్‌తో పాటు, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూసే ఆక్సీమీటర్ కొనిచ్చావు, అంకె నీ ఫోన్‌కే వచ్చేటట్టు చేశావు. మంచిదే. కానీ ఆ అంకె వెంటబడి నేనొకసారి తప్పు చేశాను. ఆ సంగతి ముందు చెప్తా.

మీ పెద్దనాయనకు మిషన్ పెట్టిన కొత్తలో ఒక రాత్రి మీటర్ 89 చూపించింది. నా గుండె దడదడలాడింది. డాక్టర్ నిమిషానికి రెండు లీటర్లే అన్నా, నాలుగుకు తిప్పాను. 97 వచ్చింది. నిమ్మళంగా పడుకున్నాను. తెల్లారి లేపితే ఆయన లేవడు. తల పగిలిపోతుందంటాడు, ఏదో తిక్కతిక్కగా మాట్లాడతాడు, మళ్లీ కళ్లు మూసుకుపోతాయి. ఆస్పత్రికి తీసుకుపోతే అప్పుడు తెలిసింది. సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై దమ్మాడని ఈ జబ్బు, ముదిరిన కొందరికి ఆక్సిజన్ మరీ ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోక రక్తంలో పేరుకుపోతుందట, మత్తు కమ్ముతుందట. అలాంటివాళ్లకు 88 నుంచి 92 ఉంటే చాలు. మీ నాయనకు ఎంత ఉండాలో, మిషన్ ఎన్ని లీటర్ల మీద, రోజుకు ఎన్ని గంటలు పెట్టాలో డాక్టర్‌తోనే కాగితం మీద రాయించి గోడకు అంటించు. డాక్టర్ చెప్పకుండా ఆ గుండీ మీద చెయ్యి వేయొద్దని మీ అమ్మకు గట్టిగా చెప్పు.

మీటర్ కూడా అబద్ధమాడుతుంది. చలికాలం పొద్దున్నే చల్లటి వేలికి పెడితే ఒకసారి 79 చూపించింది. చేతులు రుద్ది, కాసేపు ఆగి పెడితే 91. రోజూ ఒకే వేళకు, పది నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, అంకె నిలబడ్డాకే చూడమను. గంటగంటకూ చూస్తే మీ అమ్మకు బీపీ వస్తుంది తప్ప లాభం లేదు.

నాకైతే అంకె కంటే మీ పెద్దనాయన మాటే ఎక్కువ చెప్పేది. బాగున్న రోజు "ఏమే, గేటు తీసే ఉంది, కుక్క వస్తది చూడు" అని ఒక్క ఊపిరిలో అనేవాడు. బాగాలేని రోజు "గేటు..." అని ఆగి, దమ్ము పట్టుకుని, "కుక్క" అనేవాడు. నువ్వు ఫోన్ చేసి "ఎట్లున్నవ్ నాయనా" అంటే "మంచిగనే ఉన్న" అనే అంటాడు, నిన్ను బెంగపెట్టడు కదా. అందుకే అది అడగకు. కాలువకు నీళ్లు వదిలిన్రా, మిల్లులో వడ్లు ఎంతకు తీసుకుంటున్నరు అని అడుగు. ఎన్ని మాటలకోసారి ఊపిరి తీస్తున్నాడో విను. వారానికోసారి వీడియో కాల్‌లో మంచం నుంచి గడప దాకా నడిపించు. నిన్నటిదాకా ఆగకుండా వచ్చిన మనిషి మధ్యలో గోడ పట్టుకుంటే, మీటర్ ఏం చూపించినా డాక్టర్‌కు ఫోన్ చెయ్యి.

తెమడ సంగతి అడగడానికి సిగ్గుపడకు. ఎక్కువైందా, తెల్లగా ఉండేది పసుపు, ఆకుపచ్చ రంగుకు తిరిగిందా? దానికి తోడు ఆయాసం పెరిగితే ఆ రోజే డాక్టర్‌తో మాట్లాడాలి, ఆదివారం వచ్చి చూస్తాననకు. కాళ్లు కొత్తగా ఉబ్బినా అంతే. పెదాలు నీలంగా మారినా, రెండు మాటలు కూడా కలపలేకపోయినా, మనిషి మత్తుగా, అయోమయంగా ఉన్నా నీకు ఫోన్ చేసే ముందే 108కి చెయ్యమను.

మందు పీల్చేది ఒకసారి నీ కళ్ల ముందు చేయించు. మీ పెద్దనాయన ఆరు నెలలు క్యాప్సూల్ పెట్టి పీల్చాడు, సగం పొడి అందులోనే మిగిలేది. గట్టిగా లాగే బలం ఆయనకెక్కడిది? తర్వాత డాక్టర్ స్పేసర్ ఇచ్చారు, అంటే పంపు మందును పట్టి ఉంచే గొట్టం, అందులోంచి నెమ్మదిగా పీల్చొచ్చు. కొంత నయమైంది. మీ నాయన మందులో స్టెరాయిడ్ ఉందేమో కనుక్కో. ఉంటే పీల్చినాక నోరు పుక్కిలించాలి, లేకపోతే నోట్లో తెల్లగా పూస్తుంది.

మీ నాయన ఇరవై ఏళ్లు మిల్లులో బస్తాలు మోసిన మనిషి, ఊకదుమ్ము ఎంత మింగాడో. దానికి తోడు బీడీ. మానేశానంటాడు, దిండు కింద ఒకసారి చూడమను. మిషన్ ఉన్న గదిలో బీడీయే కాదు, దీపం, అగరబత్తి కూడా వద్దు, నిప్పు అంటుకుంటే ఆగదు. కోతలయ్యాక చుట్టూ కొయ్యకాళ్లు తగలబెడతారు, ఆ సాయంత్రాలు ఆయన్ని అరుగు మీద కూర్చోనియ్యొద్దు. ఫ్లూ టీకా ఏటా వేయించాలి, నిమోనియా టీకా ఏది వేయాలో డాక్టర్‌ను అడుగు.

కరెంటు పోతే మిషన్ ఆగిపోతుంది, అది మర్చిపోకు. లైన్‌మన్ నంబర్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టు. మా ఇంట్లో చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఉంది, అటక మీద. ఆదివారం ఊరికి పోయేటప్పుడు ఇటు వచ్చి దించుకో, నా వల్ల కాదు. దారిలో ఆక్సిజన్ నింపించి, సిలిండర్ మీటర్ ముల్లు కదులుతుందో లేదో చూసే తీసుకుపో.

మీ పెద్దమ్మ